మంచి హోటల్ ఎక్కడ? – కొన్ని ఆలోచనలు

"ఆకలి రుచి ఎరుగదు, నిద్ర సుఖమెరుగదు" అని పెద్దలన్నారు. ఈ సామెతలో సత్యమున్నది. అయితే ఆకలి రుచిని ఎరుగకపోయినా మర్యాదను తప్పక ఎరుగుతుందని మా అభిప్రాయం. ఆకలితో వచ్చిన మనిషి పచ్చడి మెతుకులైనా తృప్తిగా తినగలడు. కాని ఈసడించుకొని పెట్టిన పంచభక్ష్య పరమాన్నాలు అతని గొంతు దిగవు. ఈ వ్యాసంలో మేము చెప్పదలచినదానికంతటికీ ఈ ఒక్క మాటే మూలం.

ఖమ్మం బస్టాండులో గాని, కొత్తగూడెంలో ఉన్న భద్రాచలం రోడ్ రైల్వే స్టేషను బయట గాని, గోదావరి వంతెన దాటి భద్రాచలంలో అడుగుపెట్టే చోట గాని కొంతసేపు నిలుచున్నవారికి ఒక ప్రశ్న తప్పక వినిపిస్తుంది. "ఏమండీ, ఇక్కడ మంచి హోటల్ ఎక్కడున్నది?" మన తెలుగులో హోటల్ అంటే బస చేసే చోటు కాదు, భోజనం చేసే చోటు. ఈ ప్రశ్న అడిగేవారు అనేక విధాలవారు. రామదర్శనం చేసుకొని పర్ణశాలకు పోదలచిన యాత్రికుడు అడుగుతాడు. మిరపకాయల బస్తాలతో ఖమ్మం మార్కెట్టుకు వచ్చిన రైతు అడుగుతాడు. సారపాక కాగితపు మిల్లుకు సరుకు తెచ్చిన లారీ డ్రైవరు అడుగుతాడు. హాస్టలు సాంబారుతో విసిగిన విద్యార్థి అడుగుతాడు. బిడ్డను ఆసుపత్రికి తీసుకొని వచ్చిన కోయ తల్లి అడుగదలచి, ఎవరిని అడగాలో తెలియక ఊరుకుంటుంది.

ప్రశ్న ఒక్కటే అయినా దాని అర్థం అందరికీ ఒక్కటి కాదు. "మంచి" అంటే ఒకరికి మాంసం తగలని వంట. మరొకరికి హలాల్ మాంసం. ఇంకొకరికి జేబులోని డబ్బుకు కడుపు నిండే పళ్ళెం. ఆ తల్లికి మాత్రం "నన్ను లోపలికి రానిచ్చి, కుర్చీలో కూర్చోనిస్తారా?" అన్నదే ప్రశ్న. ఈ నాలుగు అర్థాలకూ సమాధానం చెప్పగలిగినదే మంచి హోటల్ అని మేము భావిస్తున్నాము. రంగురంగుల దీపాలు, చల్లని గది, అద్దాల తలుపు ఉంటే ఉండవచ్చును. కాని అవి మంచితనానికి కొలమానాలు కావు.

డబ్బు పుచ్చుకొని అన్నం పెట్టడం మన నేలకు క్రొత్త కాదు. కాకతీయుల నాటి ఓరుగల్లును వర్ణించే "క్రీడాభిరామం"లో ఒక్క రూకకు కమ్మని భోజనం దొరికే పూటకూటి ఇల్లు కనిపిస్తుంది. గురజాడ వారి "కన్యాశుల్కం"లో పూటకూళ్ళమ్మ పాత్రను మరచిన తెలుగువాడు లేడు. ఇక ఉర్దూ సంప్రదాయంలో బాటసారుల కొరకు సరాయి, ముసాఫిర్‌ఖానా వెలిశాయి. అతిథి ముందు పరచిన దస్తర్‌ఖాన్ గృహస్థుని గౌరవానికి చిహ్నమైనది. "అవ్వల్ తఆమ్, బాద్ కలామ్" అని ఉర్దూ సామెత. అంటే ముందు భోజనం, మాటలు తరువాత. మన తెలుగు గృహస్థు కూడా భోజనవేళకు వచ్చినవానిని మొదట కాళ్ళు కడుక్కోమంటాడు. ఊరూ పేరూ ఆ తరువాత అడుగుతాడు. రెండు భాషల నీతి ఒక్కటే.

అయితే ఇల్లు నేర్పిన ఈ నీతిని వీధి ఎల్లప్పుడూ పాటించలేదు. "బ్రాహ్మణ హోటల్" అన్న బోర్డులు ఒకప్పుడు తెలుగు పట్టణాలలో సామాన్యం. ఆంగ్లేయుల కాలంలో రైల్వే స్టేషన్లలో "హిందూ పానీ", "ముస్లిం పానీ" అని మంచినీటి కుండలు సైతం వేరుగా ఉండేవి. దాహానికి మతం లేదు గాని కుండకు ఉండేది. గ్రామాలలోని టీ దుకాణాలలో దళితులకు వేరే గ్లాసు పెట్టి, తాగిన తరువాత వారి చేతనే కడిగించేవారు. రెండు గ్లాసుల పద్ధతి అని దానికి పేరు. దానిపై తెలుగునాట జరిగిన పోరాటాలు సామాన్యమైనవి కావు.

మన రాజ్యాంగ నిర్మాతలు ఈ విషయాన్ని చిన్నదిగా చూడలేదు. రాజ్యాంగంలోని 15వ అధికరణం రెండవ ఉపాధికరణం దుకాణాలను, ప్రజలు భోజనం చేసే హోటళ్ళను ప్రత్యేకంగా పేర్కొన్నది. మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా ఏ పౌరుడినీ అక్కడికి రానీయకుండా అడ్డగించరాదని శాసించినది. 1955లో వచ్చిన అస్పృశ్యతా నేరాల చట్టమే 1976లో పౌర హక్కుల పరిరక్షణ చట్టమైనది. హోటళ్ళలో, ధర్మశాలల్లో, సరాయిలలో, ముసాఫిర్‌ఖానాలలో అందరి కొరకు ఉంచిన పాత్రలను అంటరానితనం పేరిట ఒకరికి నిరాకరించడం ఆ చట్టం ప్రకారం నేరం. అనగా టీ గ్లాసు కూడా చట్టం దృష్టికి వచ్చిన వస్తువే. ఈ సంగతి మన విద్యార్థులలో ఎందరికి తెలుసును?

చట్టం వచ్చినంత మాత్రాన మనసులు మారుతాయని అనుకోవడం అమాయకత్వం. పాత బోర్డులు పోయినా పాత చూపు అంత తొందరగా పోదు. మిరప కోతల కాలంలో ఛత్తీస్‌గఢ్ అడవుల నుండి కూలీలు గుంపులుగా మన చేలకు వస్తారు. మన మిరపకాయకు దేశమంతటా పేరు వచ్చినదంటే అందులో వారి వేళ్ళ మంట కూడా ఉన్నది. అట్టివారు పట్టణంలోని హోటలు ముందు నిలిచినప్పుడు, అందరికీ గాజు గ్లాసులో టీ ఇచ్చి వారికి మాత్రం కాగితపు గ్లాసు చేతికిచ్చి "బయట త్రాగండి" అన్నచో, ఆ రెండు గ్లాసుల పద్ధతియే క్రొత్త వేషంలో వచ్చినదని చెప్పక తప్పదు. కాగితపు గ్లాసు శుభ్రతకే అయినచో అది అందరికీ ఉండవలెను.

ఇక మంచి హోటల్‌ను గుర్తించే ఉపాయాలను ముచ్చటిద్దాము. మొదటిది, ఆ ఊరి శ్రమజీవులు ఎక్కడ తింటున్నారో చూడవలెను. లారీ డ్రైవర్లు, ఆటో నడిపేవారు, మార్కెట్టు హమాలీలు నిత్యం వచ్చే చోట అన్నం నిలువ ఉండదు. పొయ్యి మీద నుండి దిగిన గిన్నె దిగినట్టే ఖాళీ అవుతుంది. రెండవది, వంటకాల పట్టిక ఎంత పొడుగున్నదో గమనించవలెను. నూరు రకాల పేర్లు వ్రాసిన చోట అన్నీ ఆ పూట వండినవే కావడం దుస్సాధ్యం. నాలుగైదు వంటకాలే చేసి, పన్నెండు గంటలకు వండినది రెండు గంటలకు ముగించే చోట నమ్మకంగా తినవచ్చును. మూడవది, చేతులు కడుగుకొనే తొట్టిని, మంచినీళ్ళ పాత్రను చూడవలెను. ఊరివాడు ఒకసారి మోసపోతే మళ్ళీ రాడు కనుక ఊరివారి కొరకు నడిచే హోటలుకు సహజంగానే భయముంటుంది. బాటసారి ఎట్లయినా మళ్ళీ రాడు. అందుచేత బాటసారి కొరకే నడిచే చోట మరికొంత జాగ్రత్త అవసరం.

ఈ విషయంలో చట్టం కూడా మనకు కొన్ని సాధనాలిచ్చినది. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం ప్రకారం ఆహారం అమ్మే ప్రతివారూ రిజిస్ట్రేషను గాని, లైసెన్సు గాని పొందవలెను. దాని పదునాలుగు అంకెల సంఖ్యను అందరికీ కనబడునట్లు ప్రదర్శించవలెను. మరిగించిన నూనెనే మళ్ళీ మళ్ళీ మరిగిస్తే అందులో పోలార్ సమ్మేళనాలు అనే హానికర పదార్థాలు పెరుగుతాయి. అవి 25 శాతం దాటిన నూనెను వాడరాదన్న నిబంధన 2018 జులై 1 నుండి అమలులో ఉన్నది. సామాన్యుడు ప్రయోగశాలను వెంట తీసుకొని పోలేడు. కాని నూనె నల్లబడి, జిగురుగా మారి, మూకుడులో నురుగు కట్టి, ఘాటైన పొగ వెలువడుతుంటే కంటికీ ముక్కుకూ తెలియకపోదు. మిరపకాయ బజ్జీల మీద ప్రేమ ఎంత ఉన్నా ఆ మూకుడు వంక ఒకసారి చూసి తీరవలెను.

మరొక కొలమానం స్త్రీల ఆసనం. ఆడపిల్ల ఒంటరిగా వచ్చి, పుస్తకాలు బల్లపై పెట్టి, నిశ్చింతగా భోజనం చేసి పోగలిగిన హోటల్ మంచి హోటల్. "ఫ్యామిలీ రూమ్" పేరిట తెర వెనుక ఒక ఇరుకు గదిని చూపడం మర్యాద అని కొందరి అభిప్రాయం. తెర కోరుకున్నవారికి తెర ఉండవచ్చును. కాని తెర లేనిచో ఆమెకు చోటే లేదనడం మర్యాద కాదు. మన అక్కచెల్లెళ్ళు మధ్యాహ్నం ఆకలిని బిస్కెట్టు పొట్లంతో సరిపెట్టుకొని సాయంకాలం ఇంటికి చేరుతున్నారంటే, అది వారి బిడియం వల్ల జరుగుతున్నదని మాత్రమే అనుకోవడం అన్యాయం. వారు కూర్చోదగిన చోటు లేకపోవడమే అందుకు తొలి కారణం.

ఇప్పుడు పళ్ళెంలోని పదార్థం వద్దకు వత్తాము. ఈ ప్రాంతపు చరిత్ర అంతా సరిహద్దుల చరిత్ర. 1860లో నిజాం ప్రభుత్వం భద్రాచలం ప్రాంతాన్ని ఆంగ్లేయులకు అప్పగించినది. దానితో గోదావరికి ఒక ఒడ్డు నిజాం రాజ్యం, మరొక ఒడ్డు ఆంగ్లేయుల ఏలుబడి అయినవి. ఖమ్మం జిల్లా 1953లో ఏర్పడగా, భద్రాచలం 1959లో తూర్పు గోదావరి జిల్లా నుండి వచ్చి ఇందులో చేరినది. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా చుట్టుపట్ల గ్రామాలు ఆంధ్రప్రదేశ్‌కు పోగా, భద్రాచలం పట్టణం తెలంగాణలో నిలిచినది. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వేరయినది. ఇన్నిమార్లు గీతలు మారిన చోట వంటలు కూడా గీతలు దాటి కలుసుకొన్నాయి. కోస్తా నుండి ఆవకాయ, గోంగూర పప్పు వచ్చినవి. హైదరాబాదు నుండి ఇరానీ చాయ్, ఉస్మానియా బిస్కెట్టు, బిరియానీ వచ్చినవి. అడవి నుండి వెదురు కొమ్ములు, దుంపలు, చింతచిగురు, ఇప్పపువ్వు వచ్చినవి. నది చేపలిచ్చినది.

అయితే ఇంత సంపద ఉన్న చోట హోటలు బల్ల ముందు కూర్చుంటే మనకు దొరికేదేమిటి? ఒకవైపు "మీల్స్", మరొకవైపు బిరియానీ, రాత్రి అయితే ఎర్రరంగు పులిమిన నూడిల్సు. జొన్నరొట్టె కావాలంటే వెదకవలసి వస్తున్నది. అంబలి, గటక అన్న పేర్లు చెప్పితే నవ్వేవారున్నారు. ఇందుకు కారణాలు లేకపోలేదు. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీరు జిల్లాలోని దక్షిణ భాగానికి వచ్చి వరి విస్తరించినది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చి పేదవాని ఇంట ప్రతిపూట తెల్లని అన్నం ఉడికినది. ఆకలి తీర్చిన ఆ పథకాన్ని మేము తక్కువ చేయము. కాని అన్నం గౌరవానికి గుర్తుగాను, జొన్న పేదరికానికి గుర్తుగాను మారిపోవడం శోచనీయం. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరాన్ని అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా ప్రకటించినది. ప్రపంచమంతా గుర్తించిన ధాన్యం, దానిని పండించిన గూడెం ప్రక్కనున్న పట్టణంలోని హోటలుకు మాత్రం ఇంకా రావలసియున్నది.

అడవి బిడ్డల ఆహారం హోటళ్ళకు వచ్చినప్పుడు కూడా ఒక చిత్రం జరుగుతున్నది. భద్రాచలం నుండి చింతూరు మీదుగా రాజమహేంద్రవరం పోయే ఘాటు దారిలో మారేడుమిల్లి వద్ద వెదురు బొంగులో కోడిమాంసం కాల్చి అమ్ముతారు. బొంగు చికెన్ అని నేడు దానికి గొప్ప పేరు. నూనె చుక్క లేకుండా, పచ్చి వెదురులోని తేమతోనే మాంసాన్ని మగ్గించే ఈ పద్ధతి అడవి మనుషుల తెలివికి నిదర్శనం. కార్లలో వచ్చినవారు దానిని మెచ్చుకొని తింటారు. మంచిదే. కాని మెచ్చుకొన్న వంటకు ధర కట్టినప్పుడు, ఆ వంట నేర్పినవారి చేతికి అందులో ఎంత పోతున్నదన్న ప్రశ్న కూడా మనం వేయవలెను. కోయలు క్రొత్త పంట ఇంటికి వచ్చినప్పుడు ముందుగా దేవతలకు సమర్పించి, పండుగ చేసుకొన్న తరువాతనే దానిని నోట పెడతారు. ఆహారం పట్ల అంతటి భక్తి గలవారికి మన పట్టణాలలో తినదగిన చోటు లేకపోవడం మనందరికీ చిన్నతనం.

మన రెండు భాషల కళాశాలలో ఒక విషయాన్ని ప్రత్యేకంగా చెప్పుకోవలసి ఉన్నది. భోజనం వద్ద అడిగే ప్రశ్నలలో కొన్ని న్యాయమైనవి, కొన్ని అన్యాయమైనవి. "ఈ మాంసం హలాలేనా?" అని ముస్లిం విద్యార్థి అడిగితే అది ఎవరినీ అవమానించడం కాదు. "మాంసం తిప్పిన గరిటె పప్పులో పెట్టలేదు గదా?" అని శాకాహారి అడిగితే అదీ అవమానం కాదు. "ఇందులో వేరుసెనగ వేశారా? నాకు పడదు" అని ఒకరు అడగవచ్చును. ఇవన్నీ తినేవాని శరీరానికి, విశ్వాసానికి సంబంధించిన ప్రశ్నలు. వీటికి యజమాని విసుగు లేకుండా, నిజాయితీగా జవాబు చెప్పవలెను. "తెలియదు" అని చెప్పినా గౌరవించవచ్చును గాని, గిరాకీ పోతుందని "అవును" అనడం మాత్రం ద్రోహం.

ఇక "వండినవాడెవడు? వాని కులమేమి? మతమేమి?" అన్నది వేరే జాతి ప్రశ్న. అది పళ్ళెంలోని పదార్థాన్ని గూర్చినది కాదు, మనిషి పుట్టుకను గూర్చినది. 2024లో ఉత్తర భారతంలో కావడి యాత్ర సందర్భంగా దారిలోని హోటళ్ళు యజమానుల పేర్లు ప్రదర్శించవలెనని ఆదేశాలు వచ్చినప్పుడు, సుప్రీంకోర్టు ఆ ఏడు జులై 22న వాటిని నిలిపివేస్తూ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చినది. ఏ రకం ఆహారం అమ్ముతున్నారో తెలుపమనవచ్చును గాని, యజమానుల పేర్లను, పనివారి పేర్లను తెలుపమని బలవంతం చేయరాదన్నది ఆ ఉత్తర్వు సారాంశం. మంచి హోటల్‌కు ఇంతకంటె చక్కని నిర్వచనం మరొకటి లేదు. బోర్డు మీద ఉండవలసినది వంటకం పేరు, ధర. వంటవాని కులం, మతం కావు.

విదేశాలకు పోయిన మన తెలుగువారిని చూసినా ఈ సత్యం బోధపడుతుంది. లండను నగరంలో 1810లో హిందుస్థానీ కాఫీ హౌస్ అన్న పేరుతో ఒక భోజనశాల వెలసినది. ఒక భారతీయుడు ఇంగ్లండులో నడిపిన మొదటి భారతీయ భోజనశాల అదేనని చెబుతారు. స్థాపించినవాడు పాట్నాలో పుట్టిన దీన్ మహమ్మద్. వ్యాపారం నిలువక 1812లో అతడు దివాలా తీసినా, అతడు వేసిన బాట నిలిచినది. ఆ తరువాతి కాలంలో ఇంగ్లండులోని పేట పేటకూ వెలసిన "ఇండియన్" హోటళ్ళలో అధిక భాగం సిల్హెట్ ప్రాంతం నుండి పోయిన బెంగాలీ ముస్లింల చేతి చలువ. పరాయి దేశంలో శివారు వీధులలో పప్పన్నం కొరకు వెదకే తెలుగువాడు ఆ హోటలులో కాలుపెట్టి, వేడి అన్నం కనబడగానే ప్రాణం లేచివచ్చినట్లు సంతోషిస్తాడు. వంటవాని మతం అతనికి గుర్తుకు రాదు. అక్కడ గుర్తుకు రానిది ఇక్కడ మాత్రం ఎందుకు గుర్తుకు రావలెను?

మరి మన భద్రాద్రి చరిత్ర చెప్పేదేమిటి? ఖమ్మం జిల్లా నేలకొండపల్లిలో పుట్టిన కంచెర్ల గోపన్న గోల్కొండ సుల్తాను అబుల్ హసన్ తానీషా కొలువులో పాల్వంచ పరగణాకు తహసీల్దారు. రామదాసుగా ఆయన చెరసాల కథ అందరూ ఎరిగినదే. శ్రీరామనవమి కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు పంపే ఆచారం తానీషాతో ఆరంభమైనదని సంప్రదాయం. నేడు ఆ తలంబ్రాలను రాష్ట్ర ప్రభుత్వం సమర్పిస్తున్నది. ముస్లిం సుల్తాను పేరున వచ్చిన ముత్యాలు సీతారాముల శిరస్సున అక్షతలైన ఊరు ఇది. మన పెళ్ళి పందిళ్ళను చూడండి. హిందువుల ఇంట పెళ్ళయినా, ముస్లిముల ఇంట నికాహ్ అయినా బగారా అన్నం తప్పదు, చివర డబల్ కా మీఠా తప్పదు. పెళ్ళిలో ఏకమైన నాలుకలు హోటలులో వేరుపడనవసరం లేదు.

కొందరు మిత్రులు ఆక్షేపించవచ్చును. "హోటల్ వ్యాపారం, ధర్మసత్రం కాదు. గిరాకీ ఉన్నదే యజమాని అమ్ముతాడు. జొన్నరొట్టె చేతితో తట్టవలెను. దానికి పనివారు కావలె, వేళ కావలె, కట్టె ఖర్చు ఎక్కువ" అని వారనవచ్చును. ఈ వాదంలో న్యాయమున్నది. గ్యాసు బండ ధర, అద్దె, కరెంటు బిల్లు, కూరగాయల ధర మోస్తూ తక్కువ ధరకు కడుపు నింపే చిన్న హోటలు యజమాని కష్టం మాకు తెలియనిది కాదు. అట్టివానిపై రాయి విసరడం మా ఉద్దేశం కాదు. కాని గిరాకీ ఆకాశం నుండి ఊడిపడదు, అడిగితేనే ఏర్పడుతుంది. పదిమంది విద్యార్థులు వారానికొకసారి "రొట్టె ఉన్నదా?" అని అడిగిన చోట పదకొండవ వారం రొట్టె ఉంటుంది. ఇక బాటసారిని కూర్చోబెట్టడానికి, గ్లాసు అందరికీ ఒక్కటిగా ఇవ్వడానికి, ధరల బోర్డు పెట్టడానికి అదనపు ఖర్చేమీ లేదు.

కనుక మేము కొన్ని సూచనలు చేస్తున్నాము. మొదటిది, మన కళాశాల క్యాంటీనుతోనే ఆరంభించవలెను. ఇతరులను సరిచేయబోయే ముందు మన పొయ్యిని చూసుకోవడం ధర్మం. అక్కడ ధరల పట్టిక తెలుగులోను, ఉర్దూలోను వ్రాసి పెట్టవలెను. ఏది శాకాహారమో, ఏది హలాలో స్పష్టంగా తెలుపవలెను. వారానికి ఒక పూటయినా జొన్నరొట్టె గాని, అంబలి గాని ఉండవలెను. రెండవది, 2024లో తెలంగాణ ప్రభుత్వం మహిళా సంఘాల చేత మహిళా శక్తి క్యాంటీన్లను ఆరంభించినది. మన బస్టాండ్ల వద్ద, ఆసుపత్రుల వద్ద అట్టివి అడవి గ్రామాల స్త్రీల చేతిలో నడిచి, వారి ఇంటి వంటలే అక్కడ దొరికినచో, వండేవారికి వేతనం, తినేవారికి ఆరోగ్యం రెండూ సిద్ధిస్తాయి. అప్పుడు ఆసుపత్రికి వచ్చిన ఆ కోయ తల్లికి తన భాషలో మాట్లాడే మనిషి కూడా దొరుకుతుంది.

మూడవది విద్యార్థులు చేయదగిన పని. సెలవు దినాలలో నలుగురైదుగురు చొప్పున మన చుట్టుపట్ల పట్టణాల హోటళ్ళను చూసి ఒక పట్టిక తయారు చేయవచ్చును. ఖమ్మం శివారులో క్రొత్తగా వెలసిన పేటలు, కొత్తగూడెం, పాల్వంచ, సారపాక, భద్రాచలం, ఇల్లెందు, మణుగూరు వరకు పోవచ్చును. అందులో నక్షత్రాల గుర్తులు అవసరం లేదు. ఆరు ప్రశ్నలు చాలును. నీరు శుభ్రమైనదా? నూనె మంచిదా? ధర వ్రాసి ఉన్నదా? స్త్రీ ఒంటరిగా కూర్చోగలదా? అడిగిన ప్రశ్నకు నిజం చెప్పినారా? అడవి నుండి వచ్చిన మనిషికీ, కారులో వచ్చిన మనిషికీ ఒకే గ్లాసు ఇచ్చినారా? ఈ ఆరింటికీ "అవును" అన్న హోటలు రేకుల పాక అయినా దానికి పేరు తేవలసిన బాధ్యత మనది. తప్పు చేసినవారిని వీధికీడ్చడం కంటె మంచి చేసినవారిని నలుగురికీ చూపడం మేలు. మంచిని మెచ్చుకొంటే మిగిలినవారు తామే అనుసరిస్తారు.

ఆ పట్టిక సిద్ధమైన నాడు బస్టాండులో ఎవరైనా "మంచి హోటల్ ఎక్కడ?" అని అడిగితే మన విద్యార్థి తడుముకోకుండా దారి చూపగలుగుతాడు. అడిగినవాడు గుడికి వచ్చినవాడా, దర్గాకు వచ్చినవాడా, గని నుండి వచ్చినవాడా, గూడెం నుండి వచ్చినవాడా అని ముందుగా ఆలోచించనవసరం లేని దారి కావలెను అది. చదువుకొన్నవారు తమ ఊరికి చేయగల సేవలలో ఇది చిన్నదే. అయినా ఆకలిగొన్నవానికి అది చిన్నది కాదు. ఈ పనికి మన కళాశాలలోని తెలుగు విభాగం, ఉర్దూ విభాగం విద్యార్థులు చేయి చేయి కలిపి పూనుకొందురు గాక అని మా ఆకాంక్ష.